వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ మీద కొత్త బరువు

విద్యుత్ వాహనాల మీద జరిగే ఏ చర్చలోనైనా ముందుగా వినిపించే సందేహం ఒకటే: మండువేసవిలో ఇళ్లకే కరెంటు సరిగా అందని చోట్ల, రోడ్ల మీద తిరిగే బండ్లన్నీ పెట్రోలు మానేసి కరెంటుకు మళ్లితే ఆ బరువును విద్యుత్ వ్యవస్థ మోయగలదా అని. అడగవలసిన ప్రశ్నే ఇది. అయితే ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. వాటిని విడదీయకపోతే జవాబు ఎటూ తేలదు. బండ్లన్నింటికీ ఏడాది పొడవునా కావలసినంత విద్యుత్తును దేశం ఉత్పత్తి చేసుకోగలదా అన్నది మొదటిది. ఉత్పత్తి అయిన విద్యుత్తును బండి నిలిచి ఉన్న చోటికి, అది నిలిచి ఉన్న వేళకు, తీగలు కాలకుండా చేర్చగలదా అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు అంకెలే జవాబు చెబుతాయి. చిక్కంతా రెండో ప్రశ్నలో ఉంది.

గ్రిడ్ అంటే విద్యుత్ కేంద్రాలను, వాటి నుంచి బయలుదేరే అధిక వోల్టేజీ లైన్లను, ఆ లైన్లు వచ్చి చేరే సబ్‌స్టేషన్లను ఒకదానితో ఒకటి ముడివేసిన పెద్ద వల. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్‌ల మధ్య 765 కిలోవోల్టుల లైను పనిచేయడం మొదలై దక్షిణాది గ్రిడ్ మిగిలిన దేశపు గ్రిడ్‌తో కలిసిన నాటి నుంచి, దేశమంతా 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీతో, అంటే సెకనుకు 50 ఆవర్తనాల లయతో నడిచే ఒకే గ్రిడ్ అయింది. ఏ క్షణంలో ఎంత వాడకం ఉంటే ఆ క్షణంలో అంతే ఉత్పత్తి ఉండాలి. వాడకం ఎక్కువైతే ఫ్రీక్వెన్సీ పడిపోతుంది, తక్కువైతే పైకి లేస్తుంది, ఈ ఒడిదుడుకులు 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ లోపలే ఉండేలా చూడాలని గ్రిడ్ నియమావళి శాసిస్తుంది. ఆ తూకం తప్పితే ఏమవుతుందో 2012 జులై 30, 31 తేదీల్లో దేశం చూసింది. రెండో రోజున ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు మూడూ కూలి, 60 కోట్లకు పైగా జనాభా ఉన్న ప్రాంతం చీకట్లో మునిగింది. ఆ వ్యవస్థే పన్నెండేళ్లలో ఎంతో గట్టిపడి, 2024 మే 30న 250 గిగావాట్ల గిరాకీని, అంటే 25 కోట్ల కిలోవాట్లను, ఒక్కసారిగా మోసి నిలబడింది.

ఇక వాహనాల లెక్క. వెయ్యి వాట్ల పరికరం గంటసేపు నడిస్తే ఖర్చయ్యే విద్యుత్తు ఒక యూనిట్. విద్యుత్ స్కూటరు ఒక యూనిట్‌తో 30 కిలోమీటర్లో అంతకు కొంచెం ఎక్కువో నడుస్తుంది కనుక, రోజుకు 30 కిలోమీటర్లు తిరిగే స్కూటరుకు రోజుకో యూనిట్ చాలు. దేశంలో 20 కోట్ల ద్విచక్ర వాహనాలు విద్యుత్తుకు మారిపోయాయని ఊహించినా, వాటికి ఏడాదికి కావలసింది 7,300 కోట్ల యూనిట్లు. 2023–24లో దేశంలో ఉత్పత్తి అయిన విద్యుత్తు సుమారు 1.74 లక్షల కోట్ల యూనిట్లు. అందులో ఇది నాలుగు శాతానికి కాస్త పైన. కారు యూనిట్‌కు ఏడు కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగిందనుకుంటే దానికి 1,700 యూనిట్లు పడతాయి, కోటి కార్లకు 1,700 కోట్ల యూనిట్లు, అంటే మొత్తం ఉత్పత్తిలో ఒక శాతం. చార్జింగులోనూ తీగల్లోనూ పోయే నష్టాలకు మరో పాతిక శాతం కలుపుకున్నా ఈ అంకెలు భయపెట్టేవి కావు. పైగా ఈ మార్పు ఒక్క రాత్రిలో వచ్చిపడేది కాదు. 2024–25లో అమ్ముడుపోయిన విద్యుత్ వాహనాలు 19 లక్షలకు పైగా ఉంటే, వాటిలో నూటికి తొంభైకి పైగా స్కూటర్లు, ఆటోలే. లారీల వంతు వచ్చినప్పుడు లెక్క ఇంకా బరువెక్కుతుందన్నది నిజమే అయినా, ఇళ్లు, పరిశ్రమలు, ఏసీల వల్ల ఏటా పెరుగుతున్న గిరాకీని మోస్తూ వస్తున్న వ్యవస్థకు, దశాబ్దాల మీదుగా విస్తరించి వచ్చే ఈ గిరాకీ మోయలేని బరువు అనడానికి ఆధారం లేదు.

అయినా ఆందోళన పూర్తిగా తప్పు కాదు. చెరువు నిండుగా ఉన్నంత మాత్రాన చివరి ఆయకట్టుకు నీరు అందుతుందన్న హామీ లేదని తెలుగు రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. తూము ఎంత వెడల్పు, పిల్లకాలువ ఎంత లోతు, ఎగువ మడుల వాళ్లు ఏ వేళకు నీరు కట్టుకుంటున్నారు అన్నవే చివరి మడి గతిని నిర్ణయిస్తాయి. విద్యుత్తులోనూ అంతే. ఏడాదికి ఇన్ని యూనిట్లు అన్నది చెరువులోని నీరు. ఒక క్షణంలో ఎన్ని కిలోవాట్లు ప్రవహించగలవన్నది తూము. విద్యుత్ వాహనాల పరీక్ష జరిగేది చెరువు దగ్గర కాదు, పిల్లకాలువ దగ్గర. ఆ పిల్లకాలువ పేరు డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్.

ఊరి సబ్‌స్టేషన్ నుంచి 11 కిలోవోల్టులతో వచ్చే విద్యుత్తును ఇళ్లకు పనికివచ్చే 230 వోల్టులకు దించే పెట్టె ఇది. రెండు స్తంభాల మధ్యనో, సిమెంటు గద్దె మీదనో కూర్చుని సన్నగా రొద చేస్తూ ఉండే ఈ పెట్టెను రోజూ చూస్తూనే ఎవరూ పట్టించుకోరు. పైన మూడు పింగాణీ బుషింగుల గుండా 11 కిలోవోల్టుల తీగలు లోపలికి దిగుతాయి. మరో వైపు నుంచి మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ బయటికి వస్తాయి. లోపల నూనెలో మునిగి ఉన్న తీగచుట్ల మధ్య విద్యుత్తు దూకకుండా కాపాడేవి కాగితం పొరలు. నూనె వేడిని మోసుకుపోయి పక్కలనున్న రేకుల ద్వారా గాలికి వదులుతుంది. నూనెలోకి తేమ చేరకుండా ఒక చిన్న గాజు బుడ్డిలో నీలిరంగు సిలికా జెల్ గుళికలు పోసి ఉంచుతారు. అవి తేమ పీల్చి గులాబీ రంగుకు తిరిగినప్పుడు మార్చాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఆయుష్షు చివరికి ఆ కాగితం ఆయుష్షే. సాధారణ కాగితం వాడిన వాటిలో, లోపలి అత్యధిక వేడి నిర్ణీత స్థాయిని దాటి ప్రతి ఆరు డిగ్రీలు పెరిగినకొద్దీ కాగితం పాడయ్యే వేగం సుమారు రెట్టింపవుతుందని అంతర్జాతీయ ప్రమాణాలు లెక్కగట్టాయి. అంటే అధిక లోడు పడిన రోజునే ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోవాలని లేదు. పాతికేళ్లు నిలవవలసింది కొన్నేళ్లకే చతికిలబడుతుంది, ఆ కారణం ఎవరి లెక్కల్లోకీ రాదు.

ఒక వీధికి 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉందనుకుందాం. కేవీఏ అన్నది ట్రాన్స్‌ఫార్మర్ మోయగల బరువుకు కొలమానం. 100 కేవీఏ అంటే ఆచరణలో 90 కిలోవాట్లకు కాస్త అటూ ఇటూ. ఇలాంటి ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ కింద పదుల సంఖ్యలో ఇళ్లు ఉంటాయి. అందరి లోడూ కూడితే దాని శక్తిని ఎప్పుడో మించిపోతుంది, అయినా అది నిలుస్తున్నది అందరూ అన్నీ ఒకేసారి వేయరన్న నమ్మకం మీద. ఒకరి గీజరు ఆగాక మరొకరిది మొదలవుతుంది, ఒకరి మిక్సీ తిరిగేటప్పుడు మరొకరి ఇస్త్రీపెట్టె చల్లగా ఉంటుంది. వాహనం ఈ నమ్మకాన్ని దెబ్బతీస్తుంది, ఎందుకంటే ఆఫీసుల నుంచి అందరూ ఇంచుమించు ఒకే వేళకు ఇల్లు చేరి బండికి తీగ తగిలిస్తారు, అది గంటల తరబడి ఆగకుండా లాగుతుంది. మే నెల సాయంత్రం ఏడున్నరకు ఆ వీధిలో లైట్లు, ఏసీలు, టీవీలు కలిసి అప్పటికే 75 కిలోవాట్లు నడుస్తున్నప్పుడు ఆరు ఇళ్లలో ఏడేసి కిలోవాట్ల కారు చార్జర్లు తోడైతే మొత్తం 117 కిలోవాట్లు. ఫ్యూజు నిలవదు. ఆ ఆరు కార్లే 3.3 కిలోవాట్ల నెమ్మది చార్జర్ల మీద, వంతులవారీగా, అర్ధరాత్రి దాటాక నింపుకుంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు దాదాపు తేడాయే తెలియదు. కార్లు అవే, యూనిట్లు అవే, వీధి అదే. మారింది వేళ, వేగం.

స్కూటర్ల విషయంలో ఇంత గొడవ లేదు. సాధారణ ప్లగ్గుకు తగిలించే స్కూటరు చార్జర్ లాగేది ఒక కిలోవాటు లోపే, అంటే ఇస్త్రీపెట్టె పాటి. అందుకే కార్లు తక్కువగా, స్కూటర్లు, ఆటోలు ఎక్కువగా విద్యుత్తుకు మారుతున్న భారతదేశపు తీరు గ్రిడ్ దృష్టితో చూస్తే అదృష్టమనే చెప్పాలి. అయితే వోల్టేజీ సమస్య వీటినీ వదలదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివర ఉన్న ఇంటికి చేరేసరికి వోల్టేజీ తగ్గుతుంది. దానికి తోడు సింగిల్ ఫేజు చార్జర్లన్నీ ఒకే ఫేజు మీద పోగుపడితే ఆ ఫేజు కుంగి, న్యూట్రల్ తీగ వేడెక్కుతుంది. ఏ ఫేజు మీద ఎంత లోడుందో సరిచూసి ఇళ్లను సమంగా పంచడం లైన్‌మన్ స్థాయిలో జరిగే పని, పెద్దగా ఖర్చు లేని పని.

నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో నూటికి 89 వరకు పూర్తి విద్యుత్ కార్లే, అక్కడి గ్రిడ్ కూలలేదు కదా అన్న వాదన తరచూ వినిపిస్తుంది. వాదన నిజమే, కాని దాని వెనుక ఉన్న సంగతి కూడా చెప్పాలి. చలిదేశమైన నార్వేలో ఇళ్లను వెచ్చబెట్టేది ఎక్కువగా విద్యుత్తుతోనే కనుక, ప్రతి ఇంటికీ మొదటి నుంచే బలమైన సర్వీసు తీగలు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు వేసుకున్నారు. విద్యుత్తులో పదింట దాదాపు తొమ్మిది వంతులు జలవిద్యుత్తు కావడంతో గిరాకీ పెరిగిన క్షణాన గేట్లు ఎత్తి ఉత్పత్తి పెంచుకోగలరు. తలసరి వినియోగం ఏడాదికి 1,400 యూనిట్ల దరిదాపుల్లో ఉన్న భారతదేశపు వీధికి ఆ వీధి పోలిక కుదరదు. కాలిఫోర్నియా అనుభవం ఇక్కడికి దగ్గర. 2035 నుంచి కొత్త పెట్రోలు కార్ల అమ్మకాన్ని ఆపాలని అక్కడి నియంత్రణ మండలి 2022 ఆగస్టులో నిర్ణయించిన కొద్ది రోజులకే వడగాలులు వీచి, సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది వరకు కార్లు చార్జింగు పెట్టవద్దని గ్రిడ్ నిర్వాహకులు ప్రజలను కోరవలసి వచ్చింది. మండుటెండలు, ఏసీలు, సాయంత్రపు గిరాకీ అన్న మూడూ కలిసే చోటే ముప్పు ఉందని ఆ సంఘటన చూపింది, ఆ మూడూ తెలుగు నేలకు కొత్త కావు.

నిజానికి ఈ విషయంలో తెలుగు రాష్ట్రాలు నార్వే వైపో కాలిఫోర్నియా వైపో చూడవలసిన పని లేదు, తమ పొలాల వైపు చూస్తే చాలు. అయిదు హెచ్‌పీ వ్యవసాయ మోటారు లాగేది 3.7 కిలోవాట్లు, నెమ్మది కారు చార్జర్ లాగేది 3.3 కిలోవాట్లు. విద్యుత్ వ్యవస్థ దృష్టిలో ఒక కారు చార్జర్ అంటే ఇంచుమించు ఒక బోరు మోటారే. రెండు రాష్ట్రాల్లో కలిపి 40 లక్షలకు పైగా వ్యవసాయ కనెక్షన్లు ఉన్నాయి, వాటిని అర్ధ శతాబ్దంగా ఈ గ్రిడ్ మోస్తూనే ఉంది. ఎలా మోయగలిగిందన్నది గమనించవలసిన సంగతి: ఫీడర్లను, అంటే సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరే లైన్లను, గ్రూపులుగా విడదీసి వంతులవారీగా త్రీఫేజు ఇవ్వడం, వ్యవసాయ ఫీడర్లను గ్రామ ఫీడర్ల నుంచి వేరు చేయడం, సౌర విద్యుత్తు పెరిగిన తరువాత సరఫరాను పగటి వేళకు జరపడం. ఈ దారిలో తగిలిన దెబ్బల్లో ఒకటి విద్యుత్ వాహనాలకు నేరుగా వర్తిస్తుంది. కరెంటు రాగానే మోటారు తనంతట తాను తిరగడానికి రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకునేవారు. సరఫరా వచ్చిన మరుక్షణం ఒక ఫీడరు మీది మోటార్లన్నీ ఒక్క పెట్టున లేచేవి, ఆ ఊపుకు ట్రాన్స్‌ఫార్మర్లు దెబ్బతినేవి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలుపెట్టే ముందు తెలంగాణ ప్రభుత్వం ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా రైతులను అడిగింది. భూగర్భజలాన్ని కాపాడడం ఒక కారణమైతే, అనవసరపు లోడును తప్పించడం మరొకటి.

రాత్రి పది దాటాక చార్జీ తక్కువ అని ప్రకటించి ఊరుకుంటే విద్యుత్ కార్లు ఆటో స్టార్టర్ల బాటే పడతాయి. కార్లలోనూ చార్జర్లలోనూ టైమర్లు ఉంటాయి. అందరూ పది గంటలకే టైమరు పెడితే, పది కొట్టిన నిమిషాన వీధిలోని చార్జర్లన్నీ ఒకేసారి లేచి, సాయంత్రపు గిరాకీని తప్పించబోయి రాత్రి పదికి మరో శిఖరాన్ని సృష్టిస్తాయి. జనం ఒకే నిమిషాన ఒకే పని చేస్తే గ్రిడ్ ఎంత కదులుతుందో 2020 ఏప్రిల్ 5న తేలింది. ఆ రాత్రి తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషాలపాటు దీపాలు ఆర్పమని ప్రధానమంత్రి పిలుపునిచ్చినప్పుడు 12 నుంచి 14 గిగావాట్ల గిరాకీ తగ్గవచ్చని నిర్వాహకులు అంచనా వేస్తే, తగ్గింది 31 గిగావాట్లు. ముందే తెలిసిన ముహూర్తం కావడం వల్ల, జలవిద్యుత్ కేంద్రాలను అందుకు సిద్ధం చేసి ఉంచడం వల్ల గ్రిడ్ చెక్కుచెదరలేదు. చార్జింగు టైమర్ల ముహూర్తాలు మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. కాబట్టి చౌక వేళను ఒక్కో ప్రాంతానికి కొద్ది నిమిషాల తేడాతో మొదలుపెట్టడమో, ట్రాన్స్‌ఫార్మర్ మీది లోడును బట్టి వేగాన్ని తానే తగ్గించుకునే స్మార్ట్ చార్జర్లను తప్పనిసరి చేయడమో ఇప్పుడే, కార్లు తక్కువగా ఉన్నప్పుడే, జరగాలి.

అసలు రాత్రి కంటే పగలు మేలన్న వాదనకే ఈ దేశంలో బలం ఎక్కువ. చలిదేశాల్లో అర్ధరాత్రి లోడు బాగా పడిపోతుంది. ఇక్కడ వేసవిలో తెల్లవారుజాము దాకా ఏసీలు ఆగవు, వేడి రాత్రిలో ట్రాన్స్‌ఫార్మర్‌కు చల్లబడే తెరిపి కూడా దొరకదు. అదే మధ్యాహ్నం పూట సూర్యుడి విద్యుత్తు పుష్కలం. 2025 జనవరి నాటికి దేశంలో సౌర విద్యుత్ సామర్థ్యం 100 గిగావాట్లకు చేరింది. కర్నూలు దగ్గరి 1,000 మెగావాట్ల సౌర పార్కు 2017 నుంచే పనిచేస్తోంది. దేశంలో ఉత్పత్తయ్యే విద్యుత్తులో ఇప్పటికీ నాలుగింట దాదాపు మూడు వంతులు బొగ్గుదే కనుక, రాత్రి నింపుకున్న కారు ఎక్కువగా బొగ్గు మీద, మధ్యాహ్నం నింపుకున్న కారు చాలావరకు ఎండ మీద నడిచినట్టు లెక్క. నాగార్జునసాగర్‌లోనూ శ్రీశైలం ఎడమగట్టులోనూ ఉన్న రివర్సిబుల్ టర్బైన్లు కరెంటు మిగిలిన వేళ నీటిని తిరిగి పైకి తోడి, గిరాకీ వేళ కిందికి వదిలి నిల్వ బ్యాటరీల్లా పనిచేయగలవు, కాని పగలు మిగిలినదాన్ని పగలే కార్లలో నింపడం అంతకంటే చౌక. కేంద్ర విద్యుత్ శాఖ 2024 మార్గదర్శకాల్లో పబ్లిక్ చార్జింగ్ కేంద్రాలకు ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు సగటు సరఫరా ఖర్చుకు 0.7 రెట్లు, మిగతా వేళల్లో 1.3 రెట్లు ధర ఉండాలని చెప్పడం వెనుక ఆలోచన ఇదే. ఇది సరైన ఆలోచన. అయితే మధ్యాహ్నం కారు ఉండేది ఇంటి దగ్గర కాదు, ఆఫీసు సెల్లార్‌లో, కాలేజీ ఆవరణలో, ఆసుపత్రి పార్కింగులో. రోజులో ఇరవై గంటలకు పైగా కదలకుండా నిలిచి ఉండే వస్తువు కారు; అది నిలిచే చోట్ల నెమ్మది ప్లగ్గులు విరివిగా పెడితే, రోడ్ల పక్కన ఖరీదైన వేగపు చార్జర్ల అవసరం చాలా తగ్గుతుంది. చార్జింగు అనగానే పెట్రోలు బంకు నమూనాయే తలకెక్కడం వల్ల ఈ సులువైన దారి వెనకబడిపోతోంది.

పబ్లిక్ కేంద్రాల చరిత్ర చిన్నదే. విద్యుత్తును అమ్మాలంటే లైసెన్సు కావాలని 2003 విద్యుత్ చట్టం చెబుతుంది కనుక చార్జింగు కేంద్రం పెట్టాలనుకున్నవారికి మొదట్లో చట్టమే అడ్డు నిలిచింది. చార్జింగు అన్నది సేవే తప్ప విద్యుత్ విక్రయం కాదని కేంద్రం 2018 ఏప్రిల్‌లో వివరణ ఇచ్చాక ఆ అడ్డు తొలగింది. నగరాల్లో మూడు కిలోమీటర్ల చదరానికి ఒకటి, జాతీయ రహదారులకు ఇరువైపులా 25 కిలోమీటర్లకు ఒకటి ఉండాలన్న లక్ష్యాన్ని తరువాతి మార్గదర్శకాలు పెట్టాయి. 2024 చివరికి దేశంలో పబ్లిక్ కేంద్రాలు 25 వేలు అయ్యాయి; 2024 అక్టోబరులో మొదలైన కేంద్రపు విద్యుత్ వాహన ప్రోత్సాహక పథకం పీఎం ఈ–డ్రైవ్ 10,900 కోట్ల రూపాయల్లో 2,000 కోట్లను మరో 72 వేల కేంద్రాల కోసం కేటాయించింది. సంఖ్య కంటే ముఖ్యం అవి పనిచేస్తున్నాయా లేదా అన్నది. పెట్టినందుకు సబ్సిడీ ఇచ్చి, నడిపినందుకు లెక్క అడగకపోతే, ప్రారంభోత్సవం నాటి రిబ్బను వాడిపోయేలోపే యంత్రం మూలనపడుతుంది. సబ్సిడీలో కొంత భాగాన్ని ఏడాదిలో ఎన్ని గంటలు పనిచేసిందన్న లెక్క చూశాకే విడుదల చేయాలి.

రహదారి మీది కష్టం మరో రకం. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. మామూలు రోజున నిండు చార్జింగుతో బయలుదేరిన కారుకు దారిలో ఒక విరామం సరిపోతుంది. సంక్రాంతికి ముందు రెండు మూడు రోజుల సంగతి వేరు. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరిన కార్లలో నాలుగో వంతు విద్యుత్ కార్లే అయిన రోజును ఊహిస్తే సమస్య అర్థమవుతుంది. పెట్రోలు గొట్టం ఐదు నిమిషాల్లో ఒక కారును పంపిస్తుంది. 60 కిలోవాట్ల డీసీ చార్జర్, అంటే ఇంటి చార్జర్‌లా కాక విద్యుత్తును నేరుగా బ్యాటరీకి అందే ఏకముఖ రూపంలోకి తానే మార్చి పంపే యంత్రం, 30 యూనిట్లు నింపడానికి అరగంటకు తక్కువ తీసుకోదు. వంద కార్లు ఒకేసారి అలా నింపుకుంటే 6,000 కిలోవాట్లు. రహదారి పక్కన ఉండే చిన్న 33/11 కిలోవోల్టుల సబ్‌స్టేషన్‌లో పవర్ ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం తరచూ 5 ఎంవీఏ, అంటే 5,000 కేవీఏ మాత్రమే. ఆ సబ్‌స్టేషన్ చుట్టుపక్కల ఊళ్లన్నింటికీ కరెంటు ఇవ్వాలి. ఏడాదికి నాలుగైదు రోజుల రద్దీ కోసం సబ్‌స్టేషన్ కట్టడం దండగ. చార్జింగు కేంద్రంలోనే పెద్ద బ్యాటరీలు పెట్టి, వాటిని మధ్యాహ్నపు సౌర విద్యుత్తుతో నెమ్మదిగా నింపి ఉంచి, రద్దీ వేళ వాటి నుంచి కార్లకు ఇచ్చే పద్ధతి ఇక్కడ సరిపోతుంది. ఆటోలకైతే ఖాళీ బ్యాటరీ ఇచ్చి నిండు బ్యాటరీ తీసుకునే మార్పిడి పద్ధతి రెండు మూడు నిమిషాల్లో పని ముగిస్తుంది, దినసరి సంపాదన మీద బతికే ఆటో డ్రైవరుకు నిలిపి ఉంచిన ప్రతి గంటా నష్టమే కనుక అతనికి ఇదే మేలు.

బస్సుల విషయం దీనికి పూర్తిగా భిన్నం. బస్సు ఎప్పుడు బయలుదేరుతుందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగి ఏ డిపోకు ఎన్ని గంటలకు చేరుతుందో ముందే తెలుసు కనుక దాని చార్జింగును గడియారం ప్రకారం అమర్చవచ్చు. 2022 సెప్టెంబరులో తిరుమల ఘాట్‌లో మొదలైన ఏపీఎస్‌ఆర్‌టీసీ విద్యుత్ బస్సులు దీనికి మంచి ఉదాహరణ. కొండెక్కేటప్పుడు బ్యాటరీని గట్టిగా పిండుకున్న బస్సు, దిగేటప్పుడు మోటారునే జనరేటరుగా మార్చుకుని, డీజిల్ బస్సులో బ్రేకుల వేడిగా వృథా అయ్యే శక్తిలో కొంత తిరిగి బ్యాటరీకి చేర్చుకుంటుంది. హైదరాబాద్‌కు పీఎం ఈ–డ్రైవ్ కింద 2,000 బస్సులు కేటాయించారు. ఒక్కోటి రోజుకు 200 కిలోమీటర్లు, కిలోమీటరుకు 1.2 యూనిట్ల చొప్పున లెక్కిస్తే రోజుకు 4.8 లక్షల యూనిట్లు, రాత్రి ఆరు గంటల్లో నింపితే 80 మెగావాట్లు. వేసవిలో 4,000 మెగావాట్లు దాటిన గ్రేటర్ హైదరాబాద్ గిరాకీ ముందు ఇది రెండు శాతం. కాని ఆ 80 మెగావాట్లు నగరమంతా పరుచుకుని ఉండవు, ఇరవై డిపోల్లో పోగుపడితే ఒక్కో డిపోకు నాలుగు మెగావాట్లు. ప్రతి డిపోకూ ప్రత్యేక ఫీడరు, సొంత ట్రాన్స్‌ఫార్మర్లు కావాలి. వాటికి స్థలం చూసి, కేబుల్ తవ్వి, పరికరాలు తెచ్చి బిగించడానికి నెలలు పడుతుంది. బస్సులు వచ్చాక లైను గురించి ఆలోచించే అలవాటు మానుకోవాలి.

అన్నింటికంటే పీటముడి అపార్ట్‌మెంట్లలో ఉంది. కొత్త భవనాల్లో పార్కింగ్ సామర్థ్యంలో 20 శాతానికి చార్జింగు వసతి ఉండాలని కేంద్రం 2019 ఫిబ్రవరిలో నమూనా భవన నిబంధనలను సవరించింది. అంతకు ముందు కట్టినవాటికి ఆ భాగ్యం లేదు. ఎవరి కారు కరెంటు ఎవరి బిల్లులో పడుతుంది, సెల్లార్‌లో తీగ ఎవరు లాగాలి, రేపు అందరూ అడిగితే భవనం ట్రాన్స్‌ఫార్మర్ చాలుతుందా అన్న వాదనలతో సంఘం సమావేశాలు ముగిసిపోతున్నాయి. 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు, చార్జింగు కోసం వేరే కనెక్షన్ అడిగితే విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) ఇవ్వాలని స్పష్టంగా చెప్పాయి. కొత్త కనెక్షన్‌కు గడువును మెట్రో నగరాల్లో మూడు రోజులకు, ఇతర పట్టణాల్లో ఏడు రోజులకు, గ్రామాల్లో పదిహేను రోజులకు తగ్గించాయి. ఈ హక్కు ఉందని తెలిసినవారు తక్కువ. తెలియనివారు ఇంట్లోంచి పొడవాటి పలుచని తీగ లాగి, ఎర్తింగు సరిగా లేని సాకెట్టుకు గంటల తరబడి బండి తగిలిస్తున్నారు, అది ప్రమాదం. కనీసం 15 ఆంపియర్ల సాకెట్టు, మీటరు నుంచి విడిగా లాగిన తగిన మందం తీగ, దానికి సొంత ఎంసీబీ (లోడు మించితే తానే ఆగిపోయే స్విచ్చు), గట్టి ఎర్తింగు ఉండనిదే రాత్రంతా బండి తగిలించి నిద్రపోకూడదు.

2021లో 3 లక్షల కోట్ల రూపాయల పైచిలుకుతో కేంద్రం ప్రారంభించిన పంపిణీ రంగ సంస్కరణ పథకం స్మార్ట్ మీటర్లకూ లైన్ల పటిష్ఠతకూ డబ్బు ఇస్తోంది. ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కూ మీటరు పెట్టి గంటగంటకూ లోడు చూసే రోజు వస్తే ఏ వీధి నిండిందో డిస్కంకు ముందే తెలుస్తుంది. ఆ రోజు అన్ని వీధులకూ ఇంకా రాలేదు. అందాకా ఒక వీధిలో ఎన్ని చార్జర్లు ఉన్నాయో విద్యుత్ సంస్థకు తెలిసే దారి ఒక్కటే, వినియోగదారుడు అదనపు లోడు నమోదు చేయించడం. డెవలప్‌మెంట్ చార్జీలు కట్టవలసి వస్తుందని చాలామంది వాయిదా వేస్తుంటారు. కారు కొన్న కుటుంబం ఆ దరఖాస్తును కారు ఇంటికి రాకముందే డిస్కం సెక్షన్ ఆఫీసులో ఇవ్వాలి. వీధి చివర 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ స్థానంలో 160 కేవీఏది పెట్టాలా వద్దా అని అసిస్టెంట్ ఇంజనీరు నిర్ణయించేది అక్కడ నమోదైన లోడును చూసే.